లంకలో ఇంటికి బేస్‌మెంటు ఎంత ఎత్తు లేపాలి? స్కీము డబ్బుతో అయ్యే పనేనా?

లంక కోడలు · 9 జూన్ 2025

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం మండలంలో ఏటిగట్టుకు అవతల, గోదావరి పాయల మధ్య ఉన్న లంక. 2021లో ప్రభుత్వ ఇళ్ల స్కీములో మా అత్తగారి పేరు మీద ఇల్లు శాంక్షన్ అయింది. స్థలం మాదే. పిల్లర్లు లేపి, బేస్‌మెంటు కట్టి, ఆ బిల్లు కూడా తీసుకున్నాం. ఇంతలో 2022 జూలై వరద వచ్చింది. మేముండే పాత పెంకుటింట్లో మంచం మీద మంచం వేసి, పైన బియ్యం బస్తాలు పెట్టి, మేం గట్టు మీదికి వెళ్లిపోయాం. తిరిగొచ్చేసరికి కింది మంచం కోళ్లు మెత్తబడి మొత్తం ఒరిగిపోయింది. బియ్యం పోయాయి. అత్తగారి పొదుపు పుస్తకం, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు కూడా పోయాయి.

అప్పట్నుంచి ఇల్లు అలాగే ఆగిపోయింది. ఇప్పుడు సగంలో ఆగిన ఇళ్లకు అదనంగా ఇస్తున్న సాయంలో బీసీలకు 50 వేలు వస్తుందని సచివాలయంలో చెప్పారు. ఆయన మళ్లీ మొదలుపెడదాం అంటున్నారు. నాకు మాత్రం ఒకటే టెన్షన్. పక్కింటి గోడ మీద వరద మరక ఇంకా పోలేదు. మొన్న టేపు పెట్టి కొలిచాను. నేల నుంచి నాలుగడుగుల మూడంగుళాలు ఉంది. మా బేస్‌మెంటు రెండున్నర అడుగులే. అంటే అప్పటికే ఇల్లు కట్టేసి ఉంటే గదిలో అడుగు తొమ్మిదంగుళాల నీళ్లు నిలిచేవి.

కట్టిన బేస్‌మెంటు మీద ఇంకా లేపొచ్చా? లేపితే బిల్లు ఆపేస్తారా? ఎంత అవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

మేస్త్రి, రావులపాలెం · 9 జూన్ 2025

లేపొచ్చమ్మా. పిల్లర్ల ఊచలు పైకి వదిలారా, కోసేశారా? ఏ సైజు ఊచ వేశారు? తుప్పు ఎంతుంది? ఫొటో పెట్టండి. మూడేళ్లు ఎండకీ వానకీ ఉన్న ఊచ కదా, అది చూడకుండా ఏం చెప్పినా తప్పే.

లంక కోడలు · 10 జూన్ 2025

ఫొటోలు పెట్టానండి. ఎనిమిది పిల్లర్లు. 12 ఎంఎం ఊచలు, ఒక్కోదానికి నాలుగు. ఎనిమిది అడుగుల దాకా పైకి వదిలాం. ఆయన అప్పుడు సిమెంటు పాలు పూశారు. రెండు పిల్లర్ల దగ్గర పొట్టు లేస్తోంది.

రిటైర్డ్ ఏఈ, అమలాపురం · 10 జూన్ 2025

అమ్మా, నేను హౌసింగ్‌లో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా పని చేసి రిటైర్ అయ్యాను. ఫొటోలు చూశాను. ఆ రెండు పిల్లర్ల ఊచలు వైర్ బ్రష్‌తో గీకి చూడండి. పొట్టు పోయాక గట్టి ఇనుము కనిపించి, సైజు పెద్దగా తగ్గకపోతే పనికొస్తాయి. గుంటలు పడి సన్నబడితే పక్కన కొత్త ఊచ కలిపి కట్టించాలి.

అసలు విషయానికి వస్తాను. బేస్‌మెంటు ఎంత ఎత్తు అని అడిగారు. ఊళ్లో జనం గుర్తుంచుకున్న వరదల్లో అన్నిటికన్నా ఎత్తైన మరక ఎక్కడుందో, దాని మీద కనీసం అడుగు అన్నది నా లెక్క. మీకు తెలిసిన మరక 2022ది. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర ఏరు 21 అడుగులు దాటింది, 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు. 1986 ఆగస్టులో అదే బ్యారేజీ దగ్గర 24 అడుగులు దాటింది, నీరు 35 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చింది. మీ అత్తగారిని అడగండి, 86 వరద మీ లంకలో ఎక్కడిదాకా వచ్చిందో ఆవిడకు గుర్తుంటుంది. బహుశా ఏ గుడి మెట్టో, చింతచెట్టు కొమ్మో చూపిస్తారు. దాన్నీ టేపుతో కొలవండి.

ఇప్పుడున్న రెండున్నరకు ఇంకో మూడడుగులు కలిపితే అయిదున్నర. 2022 నీటి మీద అడుగు మూడంగుళాలు ఎక్కువ. అది చాలా మంచిది. కానీ 86 లాంటిది వస్తే అదీ చాలకపోవచ్చు. అందుకే నేను బేస్‌మెంటు కన్నా ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను. మీ ప్లాన్‌లో మేడ మెట్లు ఉన్నాయా?

లంక కోడలు · 10 జూన్ 2025

లేవండి. ఇచ్చిన ప్లాన్‌లో హాలు, ఒక గది, వంటగది, బాత్రూము. 340 చదరపు అడుగులు. మెట్లు తర్వాత మీరే వేసుకోండి అన్నారు.

రిటైర్డ్ ఏఈ, అమలాపురం · 10 జూన్ 2025

అదేనమ్మా నా బాధ. నేను ఉద్యోగంలో ఉండగా కూడా ఇదే చెప్పేవాణ్ని. లంకలో స్లాబు వేసి మెట్లు వేయకపోతే ఆ స్లాబు వానకు మాత్రమే పనికొస్తుంది, వరదకు పనికిరాదు. 2022లో లంకల్లో ఎంతమంది డాబాల మీద రాత్రులు గడిపారో మీరే చూసుంటారు. ఎవరి ఇంటికి మెట్లున్నాయో ఆ ఇంటి మీదే మూడు నాలుగు కుటుంబాలు. ముసలివాళ్లను నిచ్చెన మీంచి ఎక్కించడం ఎంత కష్టమో చూసినవాళ్లకే తెలుస్తుంది.

స్కీము డబ్బు ఇంటికి ఇంత అని కట్టేస్తారు. మండపేటలో మెరక నేల మీద కట్టినా, మీ లంకలో కట్టినా అదే 1.80 లక్షలు. బిల్లు స్టేజీలు కూడా అవే: బేస్‌మెంటు, రూఫ్ లెవెల్, స్లాబు, ఫినిషింగ్. మూడడుగులు ఎక్కువ లేపినందుకు స్టేజీ లేదు. మెట్లకు స్టేజీ లేదు. లంకలో ప్రాణం కాపాడేవి ఆ రెండే.

బిల్లు ఆపుతారా అన్నారు. ఎత్తు లేపినందుకు ఆపరు. జియోట్యాగ్ ఫొటోలో (స్థలం గుర్తుతో తీసేది) స్టేజీ కనిపించాలి, స్థలం, లబ్ధిదారు మారకూడదు, అంతే. ముందే సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌కి చెప్పి మొదలుపెట్టండి.

మస్కట్ నుంచి · 11 జూన్ 2025

మాది మామిడికుదురు వైపు అండి. మా తాతగారి మండువా ఇంటికి వీధి అరుగు ఎక్కాలంటే ఏడు మెట్లు. చిన్నప్పుడు ఎందుకింత ఎత్తు కట్టారో అర్థమయ్యేది కాదు. 2022లో మా బాబాయి ఫోన్ చేసి, నీళ్లు ఆరో మెట్టు దగ్గర ఆగాయిరా అన్నాడు. పక్కనే కొత్తగా కట్టిన నా డాబాలో, లక్షలు పెట్టి టైల్స్ వేసిన హాల్లో, మోకాలి లోతు నీళ్లు. టైల్సు, గోడల రంగు చూసుకున్నాను కానీ ఎత్తు చూసుకోలేదు. అమ్మా, మీరు ఖర్చు ఎక్కువైనా ఎత్తు మాత్రం తగ్గించకండి.

మేస్త్రి, రావులపాలెం · 11 జూన్ 2025

లెక్క చెప్తాను రాసుకోండమ్మా. చుట్టూ గోడ, మధ్య గోడ కలిపి దాదాపు 90 అడుగుల పొడవు. తొమ్మిదంగుళాల గోడ, మూడడుగుల ఎత్తు. రెండున్నర వేల నుంచి మూడు వేల ఇటుక పడుతుంది. లోపల మెరక నింపాలి. గోడలు తీసేస్తే ఎనిమిది యూనిట్లకు కాస్త పైన (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). నింపింది నింపినట్టు ఉండదు, దిమ్మిస కొడితే దిగుతుంది. కాబట్టి పదకొండు ట్రాక్టర్లు అనుకోండి. అరడుగు పోయాలి, నీళ్లు కొట్టాలి, దిమ్మిస వేయాలి, మళ్లీ అరడుగు పోయాలి. ఒక్కసారే మూడడుగులు పోసేసి పైన గచ్చు చేస్తే వచ్చే ఏడాదికి గచ్చు దిగి పళ్లెంలా అవుతుంది.

బుసక (సన్న ఇసుక) పోయొచ్చు కానీ ఉత్త బుసక వద్దు. వరద నీరు గోడ సందుల్లోంచి లాగితే బుసక జారిపోతుంది, గచ్చు కింద గుల్ల ఏర్పడుతుంది. కింద బుసక పోసినా పైన అడుగు గ్రావెల్ పడాలి.

ఇంకోటి. ఎత్తు లేపిన గోడ మీద లోపలి మట్టి తోపు ఉంటుంది. పైన బెల్టు బీము లేకుండా కట్టకండి. పిల్లర్లన్నిటినీ కలుపుతూ అయిదున్నర అడుగుల దగ్గర బీము పోయాల్సిందే.

ఆయకట్టు రైతు · 12 జూన్ 2025

నా మాట కఠినంగా ఉంటే క్షమించండి. మాది ముమ్మిడివరం దగ్గర, గట్టు లోపల. గట్టుకు అవతల నది దారిలో ఉన్న చోట ప్రభుత్వం డబ్బు పెట్టి ఇళ్లు కట్టించడం సరైనదేనా? ఏటా కోత, ఏటా వరద. ఈ రోజు మూడడుగులు లేపుతారు, పదేళ్లకు లంకే కోసుకుపోతే? అదే డబ్బుతో గట్టు లోపల స్థలం ఇచ్చి కట్టిస్తే ఒక్కసారితో పోతుంది. ఆవిడను అనడం లేదు. డబ్బు ఎటు పోవాలన్నదే నా ప్రశ్న.

లంక కోడలు · 12 జూన్ 2025

తప్పుగా అనుకోనండి, మా మరిది కూడా ఇదే అంటాడు. కానీ మాకు రెండు పాడి గేదెలు, ఎకరం అరటి, ఇరవై కొబ్బరి చెట్లు ఇక్కడే ఉన్నాయి. ఆయన తెల్లారి నాలుగింటికి పాలు తీసి రేవు దాటిస్తారు. గట్టు లోపల కాలనీలో సెంటున్నర స్థలంలో గేదెను ఎక్కడ కట్టాలి? రోజూ రాత్రి పూట పడవ మీద వచ్చి కాపలా కాయాలా? పనున్న చోటే మనిషి ఉంటాడు కదండీ.

కాలనీ వాసి · 12 జూన్ 2025

గట్టు లోపలికి వెళ్లినవాణ్ని నేను. మా లేఅవుట్ పాత వరిచేను. మెరక చేశారు, కానీ రోడ్డు కన్నా అడుగు పల్లంగానే ఉండిపోయింది. ఏటి వరద భయం లేదు, నిజమే. కానీ రెండు రోజులు ముసురు పడితే చాలు, నీళ్లు పోవు. మా పక్క డ్రెయిను నిండా గుర్రపుడెక్క. సముద్రం పోటు మీదుంటే డ్రెయిను నీరు వెనక్కి తంతుంది. గట్టు అవతల వాళ్లకు ఏడాదికోసారి వచ్చే నీరు మాకు నాలుగైదుసార్లు వస్తోంది, చీలమండ దాకా అయినా సరే. పిల్లలకు కాళ్లు పాచిపోతున్నాయి. సెప్టిక్ ట్యాంకు నిండి బాత్రూము వాడలేం. గట్టు లోపలికి వెళ్తే అన్నీ అయిపోతాయనుకోకండి.

ఆయకట్టు రైతు · 13 జూన్ 2025

అది నేను కాదనను. 2011లో కోనసీమలో మేం క్రాప్ హాలిడే పెట్టి సాగు మానేయడానికి కారణాల్లో ఈ డ్రెయిన్లూ ఒకటి. నీరు దిగకపోతే నారు కుళ్లిపోతుంది. డ్రెయిను బాగుచేయకుండా దాని పక్కన లేఅవుట్ వేయడం పొరపాటు. రైతుకీ కాలనీకీ అక్కడ ఒకే సమస్య.

లంక కోడలుగారూ, మీ గేదెల మాట నాకు తట్టలేదమ్మా. మాకూ పాడి ఉంది. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. అయితే కోత మాత్రం చూసుకోండి. మీ ఇంటికీ ఏటి ఒడ్డుకీ ఎంత దూరం?

లంక కోడలు · 13 జూన్ 2025

రెండు వందల గజాలు పైనే ఉంటుందండి. మా వైపు మేట వేస్తోంది, అవతలి వైపు కోస్తోంది.

నరసాపురం కుర్రాడు · 13 జూన్ 2025

నేను సివిల్ చదువుతున్నాను. డబ్బు ఎక్కడుంది అనేది కొంచెం చెప్తాను, చాలామందికి ఇది తెలియదు.

15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు రాష్ట్రాలకు విపత్తు నిధిని రెండు భాగాలు చేసింది. 80 శాతం విపత్తు వచ్చాక సాయానికి, 20 శాతం రాకముందు నష్టం తగ్గించే పనులకు. ఈ రెండో దాన్ని ఉపశమన నిధి అంటారు. మొత్తంలో కేంద్రం వాటా 75, రాష్ట్రం వాటా 25. ఊళ్లో ఎత్తైన ఆశ్రయం, డ్రెయిన్ల పని లాంటివి ఈ 20 శాతం ఉద్దేశానికి దగ్గరగా ఉండేవి. ఇది ఒక్కో ఇంటికి చేతికిచ్చే డబ్బు కాదు. ఊరు ఊరంతా అడగాలి, జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీ ద్వారా పైకి వెళ్లాలి.

మరి ఇల్లు పడిపోయాక ఏమిస్తారో చూడండి. 2022-26 కాలానికి ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.20 లక్షలు. పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500. కచ్చా ఇంటికి 4,000. గుడిసె పోతే 8,000. పశువుల కొట్టానికి 3,000. అంటే ఇల్లు మొత్తం కూలిపోతే లక్షా ఇరవై వేలు ఇచ్చే వ్యవస్థే, కూలకుండా మెట్లు వేయడానికి ఇరవై ముప్పై వేలు ఎందుకు ఇవ్వకూడదు? నాకు ఇది చాలా బాధగా ఉంది.

డ్వాక్రా అక్క · 14 జూన్ 2025

బాబూ, నువ్వు చెప్పిన 6,500 వెనక ఒక కథ ఉంది. 2022లో మా గ్రూపులో ఒకావిడ ఇంటికి వెనక గోడ మొత్తం పడిపోయింది, ముందు గోడ నిలిచింది. ఎన్యూమరేషన్‌కి, అంటే నష్టం లెక్క రాయడానికి, వచ్చినాయన వీధిలోంచే చూసి ‘పాక్షికం’ అని రాసుకుపోయాడు. తర్వాత ఎన్నిసార్లు తిరిగినా మారలేదు. లోపలికి వచ్చి చూడమని గట్టిగా అడిగే మనిషి అక్కడ లేకపోవడమే తప్పు.

అప్పట్నుంచి మేం ఏం చేస్తున్నామంటే, జూన్ మొదటి వారంలోనే ప్రతి సభ్యురాలి ఇంటికి నాలుగు వైపులా ఫొటోలు తీసి ఫోన్‌లో దాచుకుంటున్నాం. తలుపు పక్కన టేపు పెట్టి తీస్తాం, ఎత్తు తెలియడానికి. వరద తగ్గగానే మళ్లీ అవే నాలుగు ఫొటోలు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితే ఎవరూ కాదనలేరు. ఆధార్, పాస్‌బుక్, పట్టా కాపీలు కూడా ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి వీవో (ఊళ్లో మహిళా గ్రూపులన్నిటి సంఘం) ఆఫీసు అటక మీద ఉంచుతున్నాం.

లంక కోడలూ, ఇంటికి ఇచ్చిన 35 వేల పావలా వడ్డీ లోను తీసుకున్నావా అమ్మా? తీసుకుని అది ఇటుకకు అయిపోతే గ్రూపులో మళ్లీ అడుగు. మెట్ల కోసం అంటే మా వీవో అయితే తీర్మానం చేసి ఇస్తుంది.

లంక కోడలు · 14 జూన్ 2025

తీసుకున్నాం అక్కా, తీరిపోవచ్చింది కూడా. అడుగుతాను.

ఈ రోజు మా అత్తగారిని అడిగాను, 86 వరద ఎక్కడిదాకా వచ్చిందని. రామాలయం గోడ మీద ఒక చోట చెయ్యి పెట్టి చూపించారు. ఆవిడ అప్పుడు కొత్తకోడలు. కొలిస్తే మా ఇంటి నేల మట్టానికి దాదాపు ఏడడుగులు. ఆ గోడ మీద గీత ఏం లేదు, ఆవిడ చెయ్యి ఒక్కటే గుర్తు. నేను బొగ్గుతో గీత గీసి వచ్చాను.

రిటైర్డ్ ఏఈ, అమలాపురం · 15 జూన్ 2025

బొగ్గు కడుక్కుపోతుందమ్మా. ఆయిల్ పెయింటు వేయించండి. ‘1986’ అని రాయించండి, కింద ‘2022’ గీత కూడా. ఆవిడ చెయ్యి చూపించగలిగినప్పుడే చేయాలి.

ఏడడుగులకు బేస్‌మెంటు కట్టమని నేను చెప్పను. అది మీ శక్తికి మించిన పని. ఎనిమిది అడుగుల ఎత్తులో కింద ఖాళీగా వదిలి పిల్లర్ల మీద ఇల్లు కట్టొచ్చు, నీళ్లు కిందనుంచి పోతాయి, గేదెలను కూడా కట్టుకోవచ్చు. కానీ దానికి మొదట్నుంచి పునాది, ఊచ వేరేగా లెక్కేయాలి. మీ 12 ఎంఎం నాలుగు ఊచల పిల్లరు దానికి సరిపోదు. కాబట్టి అయిదున్నర అడుగుల బేస్‌మెంటు, పైన మేడ మెట్లు. చిన్న వరదలకు బేస్‌మెంటు, పెద్ద వరదకు మెట్లు.

ఇక్కడ చదివే మిగతావాళ్ల కోసం ఒకటి. నల్లరేగడి నేలలకు అండర్ రీమ్డ్ పైల్స్ అని ఉన్నాయి, రూర్కీలోని సీబీఆర్ఐ తయారుచేసిన పద్ధతి. కింద ఉల్లిగడ్డలా ఉబ్బు చేసి కాంక్రీటు పోస్తారు. అమలాపురం, ముమ్మిడివరం వైపు బంక నేలల్లో బాగా పనిచేస్తాయి. లంకలో చేయించకండి. అక్కడ ఇసుక నేల, కొద్ది అడుగుల్లోనే నీరు పడుతుంది, ఆ ఉబ్బు నిలవదు, గుంత కూలిపోతుంది. స్కీము డిజైను రాష్ట్రమంతటికీ ఒకటే అయినా నేల ఒకటి కాదు. గ్రామీణాభివృద్ధి శాఖ ‘పహల్’ అని ఒక డిజైన్ల సంపుటి కూడా తెచ్చింది, ప్రాంతాన్ని బట్టి ఇళ్ల నమూనాలు వేసి. అలాంటివి మన సచివాలయాల బల్లల మీద కనిపించాలి.

లంక కోడలు · 15 జూన్ 2025

ఒక సందేహం. అయిదున్నర అడుగులంటే నేల నుంచి గుమ్మానికి పదకొండు మెట్లు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ కోసం కడుతున్న ఇల్లు ఆవిడే ఎక్కలేకపోతే ఎలా?

మేస్త్రి, రావులపాలెం · 15 జూన్ 2025

మెట్టు ఎత్తు ఆరంగుళాలు దాటనివ్వకండి, వెడల్పు అడుగు పెట్టండి. అయిదు మెట్ల తర్వాత ఒక అరుగు, మనిషి కూర్చునేంత. అక్కణ్నుంచి పక్కకు తిప్పి ఇంకో ఆరు. పట్టుకోవడానికి జీఐ పైపు రెండు వైపులా. మా అమ్మకు అలాగే కట్టాను. ఆవిడ సాయంత్రం ఆ అరుగు మీదే కూర్చుంటుంది.

పదకొండు మెట్లయ్యాక వరండా. ఆ వరండా చివర్నుంచే మేడ మెట్లు లేపండి. బయట నేలనుంచి విడిగా లేపితే వరదలో ఆ మెట్టు దగ్గరికి ఈదుకుంటూ పోవాలి.

రిటైర్డ్ ఏఈ, అమలాపురం · 15 జూన్ 2025

మేస్త్రి గారు చెప్పిన చివరి మాట బంగారం. నేను చెప్పడం మర్చిపోయాను.

మస్కట్ నుంచి · 16 జూన్ 2025

అమలాపురంలో మా చెల్లెలు అద్దెకుంటోంది, ఫ్లాట్ కొనుక్కుందామనుకుంటున్నారు. పట్టణ స్కీములో వాళ్లకు ఏమైనా వస్తుందా?

నరసాపురం కుర్రాడు · 16 జూన్ 2025

పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) అర్బన్ 2.0 కింద వడ్డీ రాయితీ ఉందన్నయ్యా. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. లోను 25 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. మొదటి 8 లక్షలకు 4 శాతం రాయితీ, మొత్తం 1.80 లక్షల దాకా అయిదు వాయిదాల్లో వస్తుంది. ఫ్లాట్ కొనేముందు మాత్రం ఆ వీధిలో వానాకాలంలో నీరు నిలుస్తుందేమో అక్కడి కిరాణా కొట్టువాళ్లను అడగమనండి.

డ్వాక్రా అక్క · 18 జూన్ 2025

అందరూ ఇంటి మాటే మాట్లాడుతున్నారు. గేదెల సంగతి? వరదలో ఆడవాళ్లు ఇల్లు వదిలి రాకపోవడానికి సగం కారణం పశువులే. 2022లో పడవ వచ్చినా మా ఊళ్లో ఒకావిడ దూడను వదిలి రానంది. మూడో హెచ్చరిక అంటే ధవళేశ్వరంలో 17.75 అడుగులు అని మాకందరికీ నోటికి వచ్చు. భద్రాచలం మట్టం చూస్తే సుమారు ఒక రోజు ముందే అర్థమవుతుంది. తెలిసినా పశువును తోలుకుపోవడానికి చోటేది? గట్టు మీద ఎంతమందికి సరిపోతుంది?

బంగ్లాదేశ్‌లో ఊరికో మట్టి దిబ్బ కట్టి పశువులను తోలుతారని ఒక ట్రైనింగ్‌లో చెప్పారు, కిల్లా అంటారట. మన లంకల్లో బడి పక్కన అలాంటి మెరక దిబ్బ ఒకటి, దాని మీద చేతి పంపు, రేకుల షెడ్డు ఉంటే చాలు. మట్టి పని ఉపాధి హామీలో చేయించొచ్చు కదా. గ్రామసభలో మా వీవో తరఫున రాసిచ్చాం. మీ లంకలో కూడా పెట్టించండి.

ఆయకట్టు రైతు · 18 జూన్ 2025

మంచి మాట చెప్పారక్కా. పంచాయతీ ప్రణాళికలో తీర్మానం రాయించి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. దిబ్బ వల్ల నీటి దారి అడ్డుపడకుండా చోటు చూడాలి, లేకపోతే పక్క అరటి తోటలోకి నీరు మళ్లి గొడవ అవుతుంది.

లంక కోడలు · 7 సెప్టెంబర్ 2025

చాలా రోజులకు వచ్చాను, క్షమించండి. జూలైలో పని మొదలుపెట్టాం. ఊచలు గీకితే ఒక్క పిల్లరువి సన్నబడ్డాయి, దానికి కొత్త ఊచ కట్టారు. కాజ్‌వే మునిగిపోయి పదకొండు ట్రాక్టర్లలో ఆరే ముందు వచ్చాయి. మిగతావి రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఒక రకంగా అదే మంచిదైంది. పోసినంత మట్టి వానకు బాగా తడిసి దిగింది, మేస్త్రి గారు చెప్పినట్టు దిమ్మిస కొట్టించాం. అయిదున్నర దగ్గర బీము పోశాం.

మెట్లకు మా ఊరి మేస్త్రి 38 వేలు అడిగారు. వీవోలో 25 వేలు ఇచ్చారు. మిగతాది అరటి గెలలు దిగాక ఇస్తానన్నాను, ఒప్పుకున్నారు. రామాలయం గోడ మీద రెండు గీతలూ ఎర్ర రంగుతో వేయించాం. పిల్లలు వచ్చి వీపు ఆనించి చూసుకుంటున్నారు, ఎవరు ఏ గీత దాటారో.

వైరింగ్ వాళ్లు స్విచ్ బోర్డు ఎత్తు అడుగుతున్నారు. ఎంత పెట్టించాలి?

రిటైర్డ్ ఏఈ, అమలాపురం · 7 సెప్టెంబర్ 2025

లోపల గచ్చు నుంచి నాలుగున్నర అడుగులు. కింది ప్లగ్గులు ఒక్కటి కూడా పెట్టించకండి. మీటరు, మెయిను వరండాలో ఇంకా పైన. సెప్టిక్ ట్యాంకు మూత మరిచిపోవద్దు, నాలుగు మూలలా బోల్టులతో బిగించండి. వరదలో తేలిపోయే మొదటి వస్తువు అదే.

నరసాపురం కుర్రాడు · 30 అక్టోబర్ 2025

మొంథా తుపాను మొన్న రాత్రి మా నరసాపురం దగ్గరే తీరం దాటింది. రాత్రంతా కొబ్బరి మట్టలు రేకుల మీద పడుతున్న చప్పుడే. మా నాన్న 1996 నవంబర్ తుపాను గుర్తుచేసుకుని అస్సలు పడుకోలేదు. మేం బాగానే ఉన్నాం. లంక కోడలు గారూ, మీరెలా ఉన్నారు? స్లాబు పడిందా?

లంక కోడలు · 2 నవంబర్ 2025

బాగున్నామండి. ముందు రోజే బడి దగ్గర క్యాంపుకు వెళ్లాం. ఆపద మిత్ర (విపత్తులో సాయం చేసే వాలంటీర్లు) ట్రైనింగ్ అయిన కుర్రాళ్లు ఇద్దరు ముసలివాళ్లను ముందు తీసుకెళ్లారు. పాత పెంకుటింటి మీద కొబ్బరిచెట్టు పడి వంటిల్లు పోయింది. నాలుగు వైపులా ఫొటోలు తీశాను అక్కా, ముందువి ఉన్నాయి, ఇప్పటివి ఉన్నాయి. ఎన్యూమరేషన్‌కి వచ్చినావిడను లోపలికి రమ్మని అడిగాను, వచ్చి చూసి రాసుకున్నారు.

కొత్తింటికి స్లాబు అక్టోబర్ 19న వేశాం. మెట్లు కూడా అదే రోజు పోశారు. స్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ ఇంకా తీయలేదు. ప్రాపుల కింద మట్టి వానకు కొంచెం మెత్తబడింది, కానీ కదల్లేదు. ఇప్పుడు తీసేయొచ్చా మేస్త్రి గారూ?

మేస్త్రి, రావులపాలెం · 2 నవంబర్ 2025

స్లాబు కింద రేకులు 14 రోజులకు తీయొచ్చమ్మా, అంటే ఇవాళ్టికి సరిపోయింది. కానీ వానలో క్యూరింగ్ బాగా జరిగినా సరే, ఇంకో వారం ఆగండి. మెట్ల కింద ప్రాపులు మాత్రం అన్నిటికన్నా చివర తీయించండి, 21 రోజులు నిండాక. పై నుంచి కిందికి తీయాలి. తీసేరోజు నాకు ఒక ఫోన్ కొట్టండి, రేవు దాటి వస్తాను.

లంక కోడలు · 2 నవంబర్ 2025

తప్పకుండా చేస్తానండి. భోజనానికి మా ఇంట్లోనే ఉండాలి. అత్తగారు చెప్పమన్నారు.